పేగుల్లో పెరిగిన బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్: వేసుకోవాలా, ఆగాలా?

ఈ శీర్షికకు కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో ‘సిబో’ అన్న పేరు తరచుగా కనిపిస్తోంది. చిన్నపేగులో ఉండవలసిన దానికంటే ఎక్కువగా బ్యాక్టీరియా పెరగడాన్ని వైద్యులు ఈ పొట్టి పేరుతో పిలుస్తారు. పెద్దపేగులో బ్యాక్టీరియా లక్షల కోట్లలో ఉండటం సహజం. చిన్నపేగు పైభాగంలో మాత్రం ఒక మిల్లీలీటరు ద్రవంలో వెయ్యికి మించకూడదు. మించితే మనం తిన్న అన్నం, పప్పు ఒంటికి పట్టకముందే అవి పులియబెడతాయి. దాంతో ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు మొదలవుతాయి. యాంటీబయాటిక్ రాసిన చీటీని చేతిలో పట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతున్నవారూ, ఒకటికి మూడు కోర్సులు వాడి విసిగినవారూ రాసిన నాలుగు ఉత్తరాలకు ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. వారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రెండు పూటలా, గ్లిమిపిరైడ్ ఉదయం వేసుకుంటాను. గుండెమంటకని నాలుగేళ్ల కిందట మొదలుపెట్టిన పాంటోప్రజోల్‌ను ఇప్పటికీ పరగడుపున వాడుతున్నాను. ఏడాదిగా భోజనం చేసిన గంటకల్లా పొట్ట ఉబ్బి బిగుసుకుపోతోంది, వారంలో మూడు నాలుగు రోజులు విరేచనాలు పల్చగా అవుతున్నాయి. అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఉన్నాయి. లాక్టులోజ్ అనే చక్కెర ద్రవం తాగించి బ్రెత్ టెస్ట్ (ఊపిరిలోని వాయువులను కొలిచే పరీక్ష) చేశారు. హైడ్రోజన్ మొదట 6 ఉండి, 80వ నిమిషానికి 29కి చేరింది. మీథేన్ 3 దాటలేదు. డాక్టరు గారు రిఫాక్సిమిన్ 550 మి.గ్రా. రోజుకు మూడు చొప్పున 14 రోజులు రాశారు. మందుల షాపులో ‘తక్కువ ధరలో ఇదీ అదే పని చేస్తుంది’ అంటూ ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు ఇవ్వబోయారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి, యాంటీబయాటిక్‌తో పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, అసలు వేసుకోవద్దు అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందుగా షాపులో ఇవ్వబోయిన మాత్రల సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. అవి మీరు వేసుకోకూడదు. ఆఫ్లోక్సాసిన్ ఫ్లోరోక్వినలోన్ కుటుంబానికి చెందిన మందు. గ్లిమిపిరైడ్ వాడుతున్నవారు ఈ కుటుంబపు మందులు వేసుకుంటే రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. విరేచనాలతో సరిగా తినలేని రోజున ఆ ప్రమాదం మరీ ఎక్కువ. మడమ వెనుక కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ వాచి తెగిపోవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో ఈ మందులకు అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. నరాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చునన్న హెచ్చరికను 2013లో మరింత గట్టిగా చేర్పించింది. ఆర్నిడజోల్‌కు దగ్గరి బంధువైన మెట్రోనిడజోల్ కూడా ఎక్కువ కాలం వాడితే కాళ్ల నరాలపైనే దెబ్బ వేస్తుంది. మీకు అరికాళ్లలో తిమ్మిర్లు ఇప్పటికే ఉన్నాయని రాశారు. తిమ్మిర్లు పెరిగితే అది షుగర్ వల్లనో, మాత్రల వల్లనో తేల్చడం ఆ తర్వాత ఎవరికీ సాధ్యం కాదు. ‘అదే పని చేస్తుంది’ అన్నవారికి మీరు వాడే మిగతా మందులేమిటో తెలియదు కదా!

ఇక మీ పరీక్ష గురించి. 2017లో ఉత్తర అమెరికా నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణం ప్రకారం, మొదటి 90 నిమిషాల్లో హైడ్రోజన్ మొదటి కొలత కంటే 20 పాయింట్లు లేదా అంతకు మించి పెరిగితే సిబో ఉన్నట్టు లెక్క. మీకు 23 పెరిగింది కనుక కాగితం మీద మీ పరీక్ష పాజిటివ్. అయితే లాక్టులోజ్‌ను చిన్నపేగు పీల్చుకోలేదు. అది పెద్దపేగుకు చేరగానే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్ విడుదల చేస్తుంది, ఇది ఆరోగ్యవంతుల్లోనూ జరిగేదే. పేగు కదలిక వేగంగా ఉన్నవారిలో, ముఖ్యంగా విరేచనాలు అవుతున్నవారిలో, లాక్టులోజ్ 80 నిమిషాల్లోపే పెద్దపేగుకు చేరవచ్చు. అంటే మీ రిపోర్టులో కనిపించిన పెరుగుదల చిన్నపేగుదో పెద్దపేగుదో ఆ ఒక్క అంకెతో తెలియదు. 40వ నిమిషానికే 20 పెరిగి ఉంటే నేను ఇంత సందేహించేవాణ్ణి కాదు. 75 గ్రాముల గ్లూకోజ్‌తో చేసే పరీక్షలో ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే గ్లూకోజ్ చిన్నపేగు పైభాగంలోనే ఇంకిపోతుంది. కాని కింది భాగంలో బ్యాక్టీరియా పెరిగి ఉంటే అది దొరక్కపోవచ్చు, పైగా మీ వంటి షుగర్ ఉన్నవారికి ఆ పరీక్ష డాక్టరు గారి సలహాతోనే చేయాలి. ఎండోస్కోపీతో చిన్నపేగు ద్రవాన్ని తీసి కల్చర్ చేయడం మరో మార్గం. దాన్ని అందరికీ చేయరు, చేయనక్కరలేదు కూడా.

అందుచేత మీ రిపోర్టును అనుమానాన్ని బలపరిచే ఆధారంగానే చూడాలి తప్ప తుది తీర్పుగా కాదు. ఇప్పుడు మీరు వాడుతున్న మందుల జాబితాకు వద్దాం, నా దృష్టిలో మీ ఉత్తరంలో అసలు విషయం అక్కడే ఉంది. మెట్‌ఫార్మిన్ ఉబ్బరాన్నీ, పల్చటి విరేచనాలనూ సొంతంగానే తెప్పించగలదు. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడినవారిలో కూడా ఇది ఆలస్యంగా మొదలు కావడం చూస్తుంటాం. నెమ్మదిగా కరిగే రకం మాత్రకు మారితే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఇక పాంటోప్రజోల్. పొట్టలోని ఆమ్లం నోటి ద్వారా లోపలికి వెళ్లే బ్యాక్టీరియాలో చాలా భాగాన్ని చంపేస్తుంది. ఆ ఆమ్లాన్ని నాలుగేళ్లుగా రోజూ తగ్గిస్తూ ఉంటే, బ్యాక్టీరియా చిన్నపేగు దాకా బతికి చేరుకోవడం సులభమవుతుంది. గుండెమంట ఇప్పటికీ ఉందా, లేక అలవాటుగా మాత్ర వేసుకుంటున్నారా అన్నది మీ డాక్టరు గారితో కలిసి తేల్చుకోండి. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఎగదన్ని మంట తిరిగి వస్తుంది కనుక, డోసు తగ్గిస్తూ కొన్ని వారాల్లో మానడం మేలు. గుండె స్టెంట్ వేయించుకుని రక్తాన్ని పల్చబరిచే మాత్రలు వాడుతున్నవారు, లేక గతంలో పుండు నుంచి రక్తస్రావం అయినవారు మాత్రం సొంతంగా ఆపకూడదు.

మీ వయసులో, ఏడాదిగా మలవిసర్జన తీరు మారినప్పుడు కొలనోస్కోపీ (పెద్దపేగును కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) జరిగిందో లేదో మీరు రాయలేదు. జరగకపోతే యాంటీబయాటిక్ కంటే ముందు దాని గురించి అడగండి. మలం జిడ్డుగా, నీళ్లు పోసినా పోకుండా ఉంటే క్లోమం సరిగా పనిచేస్తోందో లేదో చూసే మల పరీక్ష కూడా అవసరం. దీర్ఘకాలం షుగర్ ఉన్నవారిలో ఈ లోపం అరుదేమీ కాదు.

ఇవన్నీ చూశాక కూడా లక్షణాలు తగ్గకపోతే, మీ డాక్టరు గారు రాసిన రిఫాక్సిమిన్ వేసుకోవడానికి భయపడనక్కరలేదు. నోటితో మింగిన రిఫాక్సిమిన్‌లో రక్తంలోకి వెళ్లేది 0.4 శాతం కంటే తక్కువ. మిగిలినదంతా పేగులోనే పనిచేసి మలంతో బయటికి పోతుంది. పైగా పిత్తరసం ఉన్నచోట, అంటే చిన్నపేగులో, ఇది బాగా కరిగి చురుకుగా పనిచేస్తుంది. పిత్తరసం అంతగా ఉండని పెద్దపేగులో సరిగా కరగదు కనుక అక్కడి బ్యాక్టీరియాను అంతగా కదిలించదు. మీ అబ్బాయి ఆందోళన సాధారణంగా యాంటీబయాటిక్‌ల విషయంలో నిజమే, ఈ మందు విషయంలో మాత్రం అందులో సగమే నిజం. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కొంతమందిలో మొదటి రోజుల్లో ఉబ్బరం పెరగడం వంటివి దీని మామూలు దుష్ఫలితాలు. కాలేయ వ్యాధి ముదిరినవారిలో మందు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు కోర్సు నడిచేటప్పుడూ, అయిపోయాకా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును కొలిచే పరీక్ష) చూపించుకోవాలి.

ఎంతవరకు పనిచేస్తుంది? అనేక అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, సిబో ఉన్నవారిలో సుమారు 70 శాతం మందికి ఈ మందు తర్వాత పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. పరీక్ష మామూలుకు రావడం, మనిషి హాయిగా ఉండటం ఒకటి కావు. మలబద్ధకం లేని ఐబీఎస్ (పేగులో పైకి కనిపించే జబ్బు లేకుండానే కడుపునొప్పి, మలవిసర్జన ఇబ్బందులు ఉండే స్థితి) రోగులు 1,260 మందితో అమెరికా, కెనడాల్లో జరిపి 2011లో ప్రచురించిన రెండు పెద్ద పరీక్షల్లో, మీకు రాసిన ఇదే డోసుతో 14 రోజులు వాడినవారిలో 40.7 శాతం మంది తగినంత ఉపశమనం కలిగిందన్నారు; ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో కూడా 31.7 శాతం మంది అదే మాట అన్నారు. అంటే మందు వల్ల ప్రత్యేకంగా మేలు జరిగింది నూటికి తొమ్మిది మందికి. ఆ తొమ్మిది మందికి జీవితమే మారుతుందని నేను కళ్లారా చూశాను, కాబట్టి తేలికగా తీసిపారేయను. కాని 42 మాత్రల ఖర్చు పెట్టేముందు ఈ అంకె మీకు తెలిసి ఉండాలి. అమెరికాలో కూడా ఎఫ్‌డీఏ 2015లో ఈ మందును విరేచనాలతో కూడిన ఐబీఎస్‌కు అనుమతించింది తప్ప సిబోకు అనుమతించలేదు. సిబోకు వైద్యులు తమ విచక్షణతో రాస్తున్నారు.

మరొక్క పని ఈ వారమే చేయించండి. మెట్‌ఫార్మిన్, పాంటోప్రజోల్, సిబో – ఈ మూడూ విడివిడిగానే విటమిన్ బి12ను తగ్గిస్తాయి. మీకు మూడూ ఒకే చోట కలిశాయి. అరికాళ్ల తిమ్మిర్లకు షుగరే కారణమని సరిపెట్టుకోకుండా బి12 పరీక్ష చేయించండి. తక్కువగా ఉంటే ఇంజెక్షన్లతో సరిచేయవచ్చు.

ప్రశ్న: నా వయసు 36. ఏడేళ్ల కిందట అపెండిక్స్ ఆపరేషన్, ఆ తర్వాత రెండు సిజేరియన్లు అయ్యాయి. ఏడాదికి పైగా కడుపుబ్బరం, విరేచనాలు. సిబో అని చెప్పి మొదట రిఫాక్సిమిన్, తర్వాత మెట్రోనిడజోల్, ఆ తర్వాత డాక్సీసైక్లిన్ ఇచ్చారు. ప్రతిసారీ మూడు నాలుగు వారాలు బాగుంటుంది, మళ్లీ మొదటికి వస్తుంది. మెట్రోనిడజోల్ వాడినప్పుడు నోరంతా ఇనుము చప్పరించినట్టు ఉండేది, ఏదీ తినబుద్ధి కాలేదు. ఇప్పుడు అమాక్సిసిలిన్-క్లావులనేట్ రాశారు. తిన్న తర్వాత బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి వస్తుంది, గుడగుడమని చప్పుడై తగ్గిపోతుంది. ఈ మధ్య ఆరు కిలోలు తగ్గాను, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. నాలుగో కోర్సు వేసుకోమంటారా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే మొదలుపెట్టకండి. మీ ఉత్తరం చివరి మూడు వాక్యాలను నేను రెండుసార్లు చదివాను. తిన్న తర్వాత మెలిపెట్టే నొప్పి వచ్చి, గుడగుడమన్న చప్పుడుతో సద్దుమణగడం పేగులో ఎక్కడో దారి ఇరుకైనప్పుడు కనిపించే లక్షణం. దానికి బరువు తగ్గడం, సాయంత్రపు జ్వరం తోడైతే మన దేశంలో ఏ వైద్యుడైనా ముందుగా ఆలోచించవలసింది పేగు క్షయ గురించి. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఇది ఎక్కువగా వస్తుంది. పేగులు దీర్ఘకాలం వాచి పుండ్లు పడే క్రోన్స్ వ్యాధి కూడా అచ్చంగా ఇలాగే కనిపిస్తుంది. రెండింటి చికిత్సలూ పూర్తిగా వేరు కనుక ముక్క తీసి పరీక్షించకుండా ఊహమీద వెళ్లకూడదు. ఇవేవీ కాకపోయినా, మీకు జరిగిన మూడు ఆపరేషన్ల వల్ల పేగులు ఒకదానికొకటి అతుక్కుని మెలిక పడి ఉండవచ్చు.

ఇరుకైన చోటుకు పైన ఆహారం నిలిచిపోతుంది. నిలిచినచోట బ్యాక్టీరియా పెరుగుతుంది. యాంటీబయాటిక్ వేసినప్పుడు సంఖ్య తగ్గి మూడు వారాలు హాయిగా ఉంటుంది, కాని ఇరుకు అలాగే ఉంది కనుక మళ్లీ పెరుగుతుంది. పైపు మూసుకుపోయిన చోట నీళ్లు తోడుతూ కూర్చున్నట్టే. కాబట్టి మీరు వెళ్లవలసింది పేగు మొత్తాన్ని చూపించే సీటీ ఎంటరోగ్రఫీకి, ఆపైన అవసరాన్ని బట్టి చిన్నపేగు చివరిభాగం దాకా చూసే కొలనోస్కోపీకి, బయాప్సీకి. ఛాతీ ఎక్స్‌రే, థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్, అల్బుమిన్ పరీక్షలు కూడా రాయించుకోండి. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నప్పుడు పేగు కదలిక మందగించి సిబో రావచ్చు. ఈలోగా ఎవరైనా ‘విరేచనాలకు’ అంటూ సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ వంటి మందులు ఇవ్వబోతే వద్దని చెప్పండి. ఆ కుటుంబపు మందులు క్షయ క్రిములపై కొంతవరకు పనిచేస్తాయి. దాంతో జబ్బు తాత్కాలికంగా అణిగి, నిర్ధారణ నెలల తరబడి ఆలస్యమవుతుంది. వాంతులతో పొట్ట బిగుసుకుపోయి, మలం గాని గ్యాస్ గాని పోకుండా ఆగిపోతే మాత్రం ఏ పరీక్ష కోసమూ ఎదురుచూడకుండా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు అడగకపోయినా, చాలామంది పాఠకులకు పనికివచ్చే ప్రశ్న ఒకటి మీ ఉత్తరంలో ఉంది: ఎన్ని కోర్సుల దాకా సమంజసం? సిబో తిరగబెట్టడం అసాధారణమేమీ కాదు. ఇటలీలో రిఫాక్సిమిన్‌తో నయమైన 80 మందిని గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నెలలకు 12.6 శాతం మందిలో, ఆరు నెలలకు 27.5 శాతం మందిలో, తొమ్మిది నెలలకు 43.7 శాతం మందిలో అది తిరిగి వచ్చింది. వయసు పైబడినవారిలో, ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు దీర్ఘకాలం వాడేవారిలో, అపెండిక్స్ తీయించుకున్నవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. కనుక ఒకసారి తిరగబెడితే, మొదటి మందు బాగా పనిచేసి ఉంటే, దాన్నే రెండోసారి వాడటం తప్పు కాదు. కాని నెల తిరక్కుండా తిరగబెడితే, అంతకంటే ముఖ్యంగా మూడోసారి వస్తే, మందు మార్చడం మాని కారణం వెతకాలి. పేగు అతుకులు, స్క్లెరోడెర్మా (చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు), చిన్నపేగులో సంచులు ఏర్పడటం వంటి మార్చలేని కారణం ఉన్నవారికి అప్పుడప్పుడు కోర్సులు తప్పవు. అది వేరే లెక్క, అక్కడ చేస్తున్న పని ఏమిటో రోగికీ వైద్యుడికీ ముందే తెలిసి ఉంటుంది.

ప్రతి కోర్సుకూ చెల్లించే మూల్యం ఉంది. మెట్రోనిడజోల్ రుచి మార్చడం మీరు చూశారు. అది కోర్సు అయ్యాక పోతుంది, కాళ్లలో మంట, తిమ్మిర్లు మొదలైతే మాత్రం వెంటనే ఆపి చెప్పాలి. డాక్సీసైక్లిన్ మాత్రను గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటే అది అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది. గ్లాసు నిండా నీళ్లు తాగి, అరగంట నిలువుగా ఉండాలి, ఎండలో ఎక్కువసేపు తిరగకూడదు. ఇప్పుడు రాసిన అమాక్సిసిలిన్-క్లావులనేట్ విరేచనాలను పెంచవచ్చు. అరుదుగా, కోర్సు ముగిసిన కొన్ని వారాలకు కూడా, కామెర్లు తెప్పించవచ్చు. ఆడవాళ్లలో వరుస కోర్సుల తర్వాత యోనిలో ఫంగస్, దురద రావడం మామూలే. ఈ సంగతి చాలామంది సిగ్గుతో చెప్పరు, మేమూ అడగం.

అన్నిటికంటే ఆందోళన కలిగించేది క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి. యాంటీబయాటిక్ మామూలు బ్యాక్టీరియాను ఖాళీ చేసిన పెద్దపేగులో ఇది చేరి విషం విడుదల చేస్తుంది. కోర్సు నడుస్తుండగా గాని, అయిపోయిన రెండు మూడు నెలల్లోపు గాని రోజుకు మూడు అంతకంటే ఎక్కువ నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం వస్తే ‘సిబో మళ్లీ వచ్చింది’ అనుకుని మరో యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు, విరేచనాలు ఆపే లోపెరమైడ్ వంటి మాత్రలు అసలే వేసుకోకూడదు. మల పరీక్ష చేయించాలి. రక్తంలోకి వెళ్లని రిఫాక్సిమిన్ కూడా పూర్తిగా నిరపాయకరమని అనుకోలేం. కాలేయ రోగుల్లో దాన్ని దీర్ఘకాలం వాడటం వల్ల ఎంటరోకాకస్ అనే బ్యాక్టీరియాలో, చివరి అస్త్రంగా దాచుకున్న డాప్టోమైసిన్‌కు కూడా నిరోధకత పుట్టవచ్చునని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2024లో నేచర్ పత్రికలో చూపించారు. రెండు వారాల కోర్సుకు, ఏళ్ల తరబడి వాడకానికి తేడా ఉంది. కాని రెండు వారాలను ఏడాదికి ఐదుసార్లు వాడితే ఆ తేడా చెరిగిపోతుంది.

ప్రశ్న: మాది భీమవరం, ఉద్యోగం న్యూజెర్సీలో. 41 ఏళ్లు. నాకు విరేచనాలు కావు, మలబద్ధకం, ఉబ్బరం. బ్రెత్ టెస్ట్‌లో మీథేన్ 38 వచ్చింది. రిఫాక్సిమిన్‌తో పాటు నియోమైసిన్ 500 మి.గ్రా. రోజుకు రెండు చొప్పున 14 రోజులు రాశారు. ఇన్సూరెన్స్ వారు రిఫాక్సిమిన్‌కు ఒప్పుకోలేదు, సొంతంగా కొంటే వేల డాలర్లు. నియోమైసిన్ ఒక్కటే వాడితే చాలదా? నాకు చిన్నప్పటి నుంచి ఎడమ చెవి సరిగా వినిపించదు. – ఒక పాఠకుడు

జవాబు: చివరి వాక్యాన్ని మీరు మీ డాక్టరుకు చెప్పారా? చెప్పి ఉంటే నియోమైసిన్ రాసేవారు కారని నా నమ్మకం. ఇది జెంటామైసిన్ కుటుంబానికి చెందిన మందు. నోటితో వేసుకున్నప్పుడు రక్తంలోకి కొద్దిగానే చేరినా, వినికిడి పోవచ్చునని, మూత్రపిండాలు దెబ్బతినవచ్చునని దాని సమాచార పత్రంలోనే తీవ్రమైన హెచ్చరిక ఉంది. పోయిన వినికిడి తిరిగి రాదు. ఒక చెవి మీదే ఆధారపడిన మనిషికి ఉబ్బరం కోసం నియోమైసిన్ ఇవ్వడం, అది ఒంటరిగానైనా జంటగానైనా, నేను సమర్థించను.

మీ సమస్యకు కారణం కూడా కొంచెం వేరు. మీథేన్‌ను తయారు చేసేవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైనది మెథనోబ్రెవిబ్యాక్టర్ స్మితీ. ఇవి పెద్దపేగులోనూ ఉంటాయి కనుక ఈ స్థితిని ఇప్పుడు సిబో అనకుండా విడిగా చూస్తున్నారు. మీథేన్ 10 లేదా అంతకు మించితే ఉన్నట్టు లెక్క. రెండు మందులు కలిపితే నియోమైసిన్ ఒక్కటే వాడిన దానికంటే మలబద్ధకం మెరుగ్గా తగ్గుతుందని 2014లో వచ్చిన పరీక్ష చెబుతోంది, అయితే అందులో పాల్గొన్నది 31 మంది మాత్రమే. ఇంత చిన్న ఆధారం మీద చెవిని పణంగా పెట్టవలసిన పని లేదు.

అమెరికాలో రిఫాక్సిమిన్‌కు విరేచనాలతో కూడిన ఐబీఎస్‌కే అనుమతి ఉండటం, మీకు ఉన్నది మలబద్ధకం కావడం మీ ఇన్సూరెన్స్ వారి నిరాకరణకు కారణం కావచ్చు. మీ డాక్టరు కారణాలు వివరిస్తూ అప్పీలు రాస్తే కొన్నిసార్లు ఫలితం ఉంటుంది. ఊరికి వచ్చినప్పుడు ఇక్కడ కొని వాడాలనుకుంటే, ముందు అక్కడి డాక్టరుకు చెప్పి డోసు రాయించుకోండి. కోర్సు మధ్యలో ఏదైనా ఇబ్బంది వస్తే మిమ్మల్ని చూసేది వారే. నేనైతే ముందు మలబద్ధకానికే సరైన చికిత్స మొదలుపెడతాను. పాలీఎథిలిన్ గ్లైకాల్ పొడి, అది చాలకపోతే పేగు కదలికను పెంచే ప్రుకలోప్రైడ్ వంటి మందు కొన్ని వారాలు వాడి చూస్తే, యాంటీబయాటిక్ అవసరం లేకుండానే ఉబ్బరం తగ్గిపోయేవారు ఉన్నారు. ఇసబ్‌గోల్ మాత్రం కొందరిలో గ్యాస్‌ను పెంచుతుంది, కనుక కొద్దిగా మొదలుపెట్టి చూడండి.

ప్రశ్న: సిబోకు యాంటీబయాటిక్ కోర్సు నడుస్తోంది. పెరుగు తినవచ్చా? ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ కూడా వేసుకోవాలా? ఉల్లి, వెల్లుల్లి పూర్తిగా మానేస్తే జబ్బు తగ్గిపోతుందని విన్నాను, నిజమేనా? – ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా వంటివి పేగుల్లో త్వరగా పులిసే పదార్థాలు. వాటిని తగ్గిస్తే గ్యాస్ తగ్గుతుంది, బ్యాక్టీరియా తగ్గదు. అందువల్ల లక్షణాలు బాధిస్తున్న నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకోవాలి. నెలల తరబడి అన్నీ మానేసి చారు అన్నంతో సరిపెట్టుకున్నవారు బరువు తగ్గి, నీరసపడి మా దగ్గరకు వస్తున్నారు. ‘షుగర్ ఫ్రీ’ అని రాసి ఉన్న చూయింగ్ గమ్, బిళ్లల్లో సార్బిటాల్ ఉందేమో చూసి మానేయండి, చాలామంది వీటిని లెక్కలోకే తీసుకోరు. దానికంటే ఉపయోగపడే అలవాటు ఒకటుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకు ఒకసారి చిన్నపేగులో ఒక బలమైన కదలిక పుట్టి, మిగిలిన ఆహారాన్నీ బ్యాక్టీరియానూ కిందికి ఊడ్చేస్తుంది. ఏదో ఒకటి నోట్లో వేసుకున్న ప్రతిసారీ ఆ కదలిక ఆగిపోతుంది. భోజనానికి భోజనానికి మధ్య నాలుగైదు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ లేకుండా చూసుకోండి, టీ కూడా భోజనంతో పాటే కానివ్వండి. షుగర్ మందులు వాడుతుంటే మాత్రం ఈ విరామాన్ని మీ డాక్టరు గారితో మాట్లాడి నిర్ణయించుకోండి.

ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ సిబోను నయం చేస్తాయని గట్టిగా చెప్పగల ఆధారాలు లేవు. కొందరిలో ఉబ్బరం పెరగడం కూడా కనిపిస్తుంది. కాబట్టి డబ్బు పెట్టి కొనమని నేను చెప్పను. పెరుగు సంగతి వేరు. దక్షిణ భారతీయుల్లో పెద్దల్లో చాలామందికి పాలలోని లాక్టోజ్ సరిగా అరగదు, సిబో ఉన్నప్పుడు ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. పాలు తాగితే ఉబ్బరం వచ్చేవారు కూడా తోడుకున్న పెరుగును కొంతవరకు తట్టుకోగలరు. పల్చటి మజ్జిగ మీకు పడుతుంటే కోర్సు నడుస్తున్నా తాగవచ్చు. మీకు రాసింది డాక్సీసైక్లిన్ లేదా సిప్రోఫ్లోక్సాసిన్ అయితే మాత్రం పాలు, పెరుగు, ఐరన్, క్యాల్షియం మాత్రలు, యాంటాసిడ్లలో ఏదీ ఆ మందుతో కలిపి తీసుకోకండి. మందు వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగండి.